వెలుగు గజ్జెలు

పిల్లలూ! మీలో ఎందరు కాలికి గజ్జెలు కట్టుకొన్నారు? కూచిపూడి నేర్చుకొనేవారికి గజ్జెల సంగతి బాగా తెలుసు. కాలు నేలను తాకగానే గజ్జె ఘల్లుమంటుంది. కాలు ఊరుకొంటే గజ్జె కూడా ఊరుకొంటుంది. కాని గజ్జెకు అడుగుల తేడా తెలియదు. గంతు వేసినా, గిరగిర తిరిగినా అది ఒకే విధంగా మోగుతుంది.

అడుగును గుర్తుపట్టే గజ్జె ఉంటే ఎలా ఉంటుంది? కాలితో నేలను తట్టితే దానిమీద హృదయం బొమ్మ వెలగాలి. గిర్రున తిరిగితే నక్షత్రం వెలగాలి. ఊరకే నిలుచుంటే దీపాలు ఆరిపోవాలి. ఇటువంటి గజ్జెను పిల్లలే తయారు చేసుకోవచ్చును. ఎలాగో ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఒంటిమీదికి వచ్చిన యంత్రాలు

పూర్వం గడియారం గోపురం మీద ఉండేది. తరువాత గోడమీదికి వచ్చింది. ఆ తరువాత జేబులోకి, చివరకు మణికట్టు మీదికి వచ్చింది. కంప్యూటరు కూడా అదే దారిలో నడిచింది. మొదట అది ఒక పెద్ద గదినిండా ఉండేది. ఇప్పుడు చేతికి, చెవికి, కాలికి తొడుక్కొనేంత చిన్నదయింది.

1961లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్ప్, క్లాడ్ షానన్ అనే ఇద్దరు గణితవేత్తలు ఒంటిమీద ధరించే ఒక చిన్న కంప్యూటరును తయారు చేశారు. తిరిగే చక్రం మీద బంతి సుమారుగా ఎక్కడ ఆగుతుందో అది లెక్క కట్టేది. దానిని నడిపే మీటలు బూటులో ఉండేవి. కాలి బొటనవేలితో వాటిని నొక్కేవారు. జవాబు చెవిలో స్వరంగా వినిపించేది. చూచారా! ఒంటిమీద ధరించే మొదటి కంప్యూటర్లలో ఒకటి ఆట కోసమే పుట్టింది. అది కూడా కాలితోనే పనిచేసింది.

2007లో లియా బ్యూక్లీ అనే అమెరికా శాస్త్రవేత్త రూపొందించిన లిలీప్యాడ్ అనే పలక అమ్మకానికి వచ్చింది. దానిని విద్యుత్తు ప్రవహించే దారంతో బట్టకు కుట్టవచ్చును. 2016లో బ్రిటన్‌లో బి.బి.సి. సంస్థ, మరికొన్ని సంస్థలతో కలిసి, మైక్రోబిట్ అనే చిన్న పలకను బడిపిల్లలకు ఉచితంగా పంచింది. సుమారు పది లక్షల పలకలను 11, 12 ఏళ్ల పిల్లల కోసం సిద్ధం చేశారు. మన గజ్జెకు ఈ పలకే ఆధారం.

పలకలో ఏమున్నది?

మైక్రోబిట్ మన అరచేతిలో ఇమిడిపోతుంది. దానిమీద వరుసకు 5 చొప్పున 5 వరుసలలో, మొత్తం 25 చిన్న ఎర్రదీపాలు ఉంటవి. రెండు మీటలు ఉంటవి. 2020లో వచ్చిన రెండవ రకం పలకలో మాట వినే మైకు, స్వరం పలికే స్పీకరు కూడా ఉన్నవి.

వీటికంటే మనకు ముఖ్యమైనది త్వరణమాపకం. అది బియ్యపు గింజంత చిన్న భాగం. కదలిక ఎంత జోరుగా మారుతున్నదో అది కొలుస్తుంది. కుడి ఎడమలు ఒక దిక్కు. ముందు వెనుకలు రెండవ దిక్కు. పైకి కిందికి మూడవ దిక్కు. ఒక్కొక్క దిక్కుకు ఒక్కొక్క అంకె చొప్పున అది మూడు అంకెలను ఇస్తుంది. పలకను కదలకుండా బల్లమీద పెట్టి చూడండి. రెండు అంకెలు సున్నకు దగ్గరగా ఉంటవి. పైకి కిందికి చూపే అంకె మాత్రం, ముందున్న గుర్తును పక్కన పెడితే, సుమారు 1000 ఉంటుంది. కదలని పలకకు ఆ 1000 ఎక్కడిది? అది భూమి ఆకర్షణ. భూమి మనలను ఎప్పుడూ తనవైపు లాగుతూనే ఉంటుంది. మనం మరచిపోయినా పలక మరచిపోదు.

ఉగాదికి ఒక కోలాటం

బ్రిటన్‌లోని ఒక ఊళ్ళో శనివారం శనివారం తెలుగు తరగతి జరుగుతున్నదనుకొందాం. ఆ తరగతిలో సుధ, రవి, గోపి అనే పిల్లలు ఉన్నారనుకొందాం. ఉగాది పండుగకు వాళ్ళు కోలాటం వేయాలి. కాళ్ళకు వెలుగు గజ్జెలు కట్టుకొని వేస్తే బాగుంటుందని సుధ అన్నది. మాస్టారు సరేనన్నారు.

పాత జీన్స్ గుడ్డతో రవి వాళ్ళ అమ్మగారు పట్టీలు కుట్టి ఇచ్చారు. ఒక్కొక్క పట్టీకి ఒక చిన్న జేబు ఉన్నది. దీపాలు కనిపించడానికి జేబుకు కిటికీ వంటి రంధ్రం ఉన్నది. ఆ జేబులో పలక, రెండు బ్యాటరీల డబ్బీ పెట్టారు. పట్టీ జారకుండా వెల్క్రో అతికించారు. పలక చర్మానికి తగలకుండా మేజోడు మీదనే పట్టీ కట్టుకోవాలని మాస్టారు ముందే చెప్పారు.

“ఇప్పుడు పట్టీకి అడుగులు నేర్పాలి. ఎలా నేర్పుదాం?” అని మాస్టారు అడిగారు.

“అంకె 2000 దాటితే తట్టు అని చెబుదామండీ” అన్నాడు రవి.

అలాగే చేసి చూచారు. రవి నేలను తట్టాడు. హృదయం వెలిగింది. తరువాత గంతు వేశాడు. అప్పుడూ హృదయమే వెలిగింది. కుర్చీలో దబ్బున కూర్చున్నాడు. మళ్ళీ హృదయమే! పిల్లలందరూ నవ్వారు.

అప్పుడు మాస్టారు ఇలా అన్నారు. “ఆవు ఏదో, గేదె ఏదో మీ చిన్న తమ్ముడికి ఎలా తెలిసింది? కొమ్ము ఇన్ని అంగుళాలు ఉంటే ఆవు అని ఎవరైనా లెక్క చెప్పారా? లేదు. ఇదిగో ఆవు, అదిగో గేదె అని నాలుగుసార్లు చూపించారు. వాడే తేడా గ్రహించాడు. యంత్రానికి కూడా అలా నమూనాలు చూపి నేర్పవచ్చును. కృత్రిమ మేధలో ఇది ఒక ముఖ్యమైన పద్ధతి.”

సుధ, రవి పట్టీలు కట్టుకొని తట్టు అడుగు ఇరవైసార్లు, తిరుగుడు ఇరవైసార్లు, నిలుపు ఇరవైసార్లు చేశారు. ఒక్కొక్క నమూనా ఒక సెకను. సెకనుకు 50 కొలతలు. ఒక్కొక్క కొలతకు మూడు అంకెలు. అంటే ఒక్కొక్క నమూనాలో 150 అంకెలు! ప్రతి నమూనాకు ‘ఇది తట్టు’, ‘ఇది తిరుగుడు’, ‘ఇది నిలుపు’ అని పేరు పెట్టారు.

మేఘంలోని బడి

ఇన్ని అంకెలను చూచి తేడాలు గ్రహించే పని ఎవరు చేయాలి? పిల్లలు తమ ఇళ్ళనుంచి కూడా నమూనాలు పంపగలిగితే బాగుంటుందని మాస్టారు క్లౌడ్ సేవను ఎన్నుకొన్నారు.

క్లౌడ్ అనే ఇంగ్లీషు మాటకు మేఘం అని అర్థం. కాని ఇది ఆకాశంలోని మేఘం కాదు. నేలమీద పెద్ద పెద్ద భవనాలు ఉంటవి. వాటిలో వేల కంప్యూటర్లు వరుసలుగా పేర్చి ఉంటవి. అవి రాత్రింబవళ్ళు పనిచేస్తవి. వేడెక్కకుండా వాటిని చల్లబరచాలి. అందుకు, వాటిని నడపడానికి చాలా విద్యుత్తు ఖర్చవుతుంది. ఆ భవనం వేరే ఊళ్ళో ఉండవచ్చు, వేరే దేశంలోనే ఉండవచ్చు. మన ఇంటిలో లేని ఆ కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా వాడుకోవడమే క్లౌడ్.

పిల్లల నమూనాలు పంపే ముందు మాస్టారు వారి తల్లిదండ్రులకు ఉత్తరం రాసి అనుమతి తీసుకొన్నారు. బ్రిటన్‌లో 2018 నాటి చట్టం ఒకటి ఉన్నది. పిల్లల సమ్మతి మీద ఆధారపడి వారి వివరాలు తీసుకొనే ఇంటర్నెట్ సేవలు, 13 ఏళ్లు నిండని వారి విషయంలో తల్లిదండ్రుల అనుమతి పొందాలి.

మొదటి ప్రయత్నంలో అన్ని పనులూ మేఘానికే అప్పగించారు. కాలు కదలగానే పలక ఆ అంకెలను గాలిలో తరగతి కంప్యూటరుకు పంపింది. కంప్యూటరు వాటిని దూరపు భవనానికి పంపింది. అక్కడి యంత్రం ఆలోచించి జవాబు పంపింది. ఆ జవాబు మళ్ళీ కాలి దగ్గరకు వచ్చింది. జవాబు సరైనదే. కాని సుధ తట్టు అడుగు వేసి తిరుగుతూ ఉండగా హృదయం వెలిగింది. తిరిగి నిలబడిన తరువాత నక్షత్రం వెలిగింది.

“దీపాలు తాళం తప్పుతున్నవి” అన్నాడు గోపి. గోపి కోలాటం కర్రలతో తాళం వేస్తాడు. అతని తాళం ఎన్నడూ తప్పదు.

“నిజమే. కబురు వెళ్ళి రావడానికి వ్యవధి పట్టింది. ఆటకు ఆ వ్యవధి చాలా ఎక్కువ” అన్నారు మాస్టారు.

రెండవసారి పద్ధతి మార్చారు. నేర్చుకొనే పని మాత్రం మేఘంలో జరిగింది. నేర్చుకొన్న సారాన్ని ఒక చిన్న ప్రోగ్రాముగా తెచ్చి పలకలోకి ఎక్కించారు. మీరు బడిలో ఎక్కం నేర్చుకొంటారు. అంగడికి వెళ్ళినప్పుడు లెక్క కోసం మళ్ళీ బడికి పరుగెత్తరు గదా! ఇదీ అంతే. ఈసారి దీపాలు అడుగుతో పాటే వెలిగాయి. ఇంటర్నెట్ లేకపోయినా వెలిగాయి.

ఎవరి అడుగు తప్పు?

అందరూ వరుసగా పట్టీ కట్టుకొని చూచారు. సుధకు వెలిగింది. రవికి వెలిగింది. గోపి వంతు వచ్చింది.

గోపి కుడికాలు కొంచెం లాగి నడుస్తాడు. మడమకు ఒక ఆధారం తొడుక్కొంటాడు. అతడు కాలు ఎత్తి తట్టడు. పాదాన్ని నేలమీద జరిపి, ముందు భాగంతో టక్కున తాకుతాడు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. గోపి తట్టాడు. పట్టీ వెలగలేదు. మళ్ళీ తట్టాడు. వెలగలేదు. పదిసార్లు తడితే రెండుసార్లు మాత్రమే వెలిగింది.

“కాలు బాగా ఎత్తు, గోపీ!” అన్నది సుధ.

“గట్టిగా కొట్టు” అన్నాడు రవి.

గోపి ఏమీ అనలేదు. పట్టీ విప్పి బల్లమీద పెట్టాడు. “నేను తాళమే వేస్తానులెండి, మాస్టారూ!” అన్నాడు.

తరగతి నిశ్శబ్దమయింది. మాస్టారు పట్టీని చేతిలోకి తీసుకొన్నారు.

“సుధా, గోపి అడుగు తాళం తప్పిందా?”

“లేదండీ.”

“రవీ, అది తట్టు అని నీకు తెలిసిందా?”

“తెలిసిందండీ.”

“మీ ఇద్దరికీ తెలిసింది, పట్టీకి తెలియలేదు. అయితే మీరు సరిచేయబోయింది ఎవరిని?”

సుధ తల వంచుకొన్నది. “గోపిని” అన్నది మెల్లగా.

మాస్టారు కంప్యూటరులో నమూనాల పట్టిక తెరిచారు. తట్టు అడుగుల వరుసలో అన్నీ సుధవీ, రవివీ. ఒక్కటి కూడా గోపిది లేదు. “కాలు ఎత్తి వేసేదే తట్టు అని మనమే దీనికి చెప్పాం. ఇది చూడని దానిని ఇది ఎలా గుర్తిస్తుంది? యంత్రం జవాబు తీర్పు కాదు. ఒక అంచనా మాత్రమే” అంటూ ఆయన తెరమీది అంకెలు చూపించారు. గోపి తట్టినప్పుడు యంత్రం వేసిన అంచనా ఇలా ఉన్నది: నిలుపు 70 పాళ్ళు, తట్టు 25 పాళ్ళు, తిరుగుడు 5 పాళ్ళు. మూడింటిలో పెద్దది నిలుపు కనుక దీపం ఆరిపోయింది.

“అయితే గోపి నమూనాలు కూడా పంపుదామండీ” అన్నది సుధ.

గోపి కాసేపు ఆలోచించాడు. “పేరు రాయకుండా పంపినా అది నా నడకే అని తెలిసిపోతుందా, మాస్టారూ?”

“మంచి ప్రశ్న, గోపీ! మనిషి నడకను బట్టి మనిషిని గుర్తించే యంత్రాలు ఉన్నవి. పేరు తీసివేసినంత మాత్రాన నడక మారదు” అన్నారు మాస్టారు.

“అయితే నా అడుగు పట్టీకి నేర్పండి. కాని దూరం పంపవద్దండీ.”

మాస్టారు సంతోషించారు. మరొక మార్గం ఉన్నదని చెప్పారు. మైక్రోబిట్ క్రియేట్ ఏఐ అనే ఉచిత సాధనంలో నేర్చుకొనే పని మన కంప్యూటరులోనే జరుగుతుంది. మన ఎదుట మాట్లాడే మాటలను రాతగా మార్చడం, ఒక భాషను మరొక భాషలోకి తేవడం వంటి పెద్ద పనులకు మేఘంలోని బలం తరచు అవసరమవుతుంది. మూడు అడుగులు నేర్పడానికి తరగతిలోని కంప్యూటరు చాలు. పిల్లలు మేఘంలో దాచిన తమ నమూనాలను తుడిచివేశారు. అందరూ కలిసి మళ్ళీ మొదలుపెట్టారు.

ఈసారి గోపి ముప్పైసార్లు తట్టాడు. చిన్న తరగతి పిల్లలు తట్టారు. తరగతికి వచ్చిన రవి వాళ్ళ అమ్మమ్మగారు కూడా చీర కుచ్చిళ్ళు కొద్దిగా ఎత్తిపట్టుకొని నవ్వుతూ తట్టారు. గోపి నమూనాలలో ఇరవై నేర్పడానికి వాడారు. మిగిలిన పది పరీక్షకు దాచారు.

“అన్నీ నేర్పితే ఇంకా మంచిది గదండీ?” అని రవి అడిగాడు.

“పరీక్షలో ఇచ్చే ప్రశ్నలకు ముందే జవాబులు చెప్పేస్తే, నీకు పాఠం వచ్చిందో లేదో నాకెలా తెలుస్తుంది?” అన్నారు మాస్టారు.

దాచిన పదింటిలో తొమ్మిదింటిని యంత్రం సరిగా చెప్పింది. గోపి పట్టీ కట్టుకొని పాదం జరిపి టక్కున తాకాడు. ఎర్రని హృదయం వెలిగింది. “పది తట్లకు ఒకటి తప్పుతుంది. అప్పుడు ఏం చేస్తావు?” అని మాస్టారు అడిగారు. “తాళం ఆపనండీ. దీపమే వచ్చి కలుస్తుంది” అన్నాడు గోపి.

ఉగాది నాడు కోలాటం జరిగింది. అందరి కాళ్ళకూ వెలుగు గజ్జెలు ఉన్నవి. వాటి పక్కనే అసలైన గజ్జెలూ ఉన్నవి. దీపాలు ఒకటి రెండుసార్లు తప్పాయి. తాళం మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు.

పిల్లలూ! మీరు కూడా ఇటువంటి ఆటవస్తువులు తయారు చేయండి. తల ఊపితే నవ్వే టోపీ చేయవచ్చు. చప్పట్లు కొడితే మెరిసే కంకణం చేయవచ్చు. కాని మూడు సంగతులు గుర్తుంచుకోండి. నేర్పే ముందు అందరి నమూనాలూ ఉన్నాయో లేదో చూడండి. పంపే ముందు ఎవరి నమూనానో వారిని అడగండి. యంత్రం, మనిషి కలవనప్పుడు ముందుగా యంత్రాన్ని పరీక్షించండి.

అర్థాలు

త్వరణమాపకం = కదలికలోని మార్పును కొలిచే సాధనం
నమూనా = మచ్చు, ఉదాహరణకు చూపే వస్తువు లేదా పని
కృత్రిమ మేధ = మనుషులు యంత్రానికి కల్పించిన తెలివి
వ్యవధి = మధ్య పట్టే కాలం
అంచనా = సుమారుగా వేసే లెక్క
సమ్మతి = ఒప్పుకోలు, అంగీకారం
మేజోడు = కాలికి తొడుక్కొనే ఊలు లేక నూలు తొడుగు

ప్రశ్నలు

1. పలకను కదలకుండా పెట్టినా సుమారు 1000 అనే అంకె ఎందుకు కనిపిస్తుంది?
2. రవి మొదట చెప్పిన నియమం ఎందుకు పనికి రాలేదు?
3. క్లౌడ్ అంటే ఏమిటి? మీ సొంత మాటలలో చెప్పండి.
4. మొదటి ప్రయత్నంలో దీపాలు ఎందుకు తాళం తప్పినవి? దానిని ఎలా సరిచేశారు?
5. గోపి అడుగును పట్టీ ఎందుకు గుర్తించలేదు? తప్పు ఎక్కడ ఉన్నది?
6. గోపి తన నమూనాలను దూరం పంపవద్దని ఎందుకన్నాడు? మీరైతే ఏమంటారు?

ఖాళీలను పూరించండి

1. మైక్రోబిట్ మీద మొత్తం ________ దీపాలు ఉంటవి.
2. సెకనుకు 50 కొలతలు, కొలతకు 3 అంకెలు అయితే, 2 సెకన్లకు ________ అంకెలు.
3. యంత్రం జవాబు తీర్పు కాదు, ________ మాత్రమే.

సొంత వాక్యాలలో ఉపయోగించండి

తాళం తప్పు, తల వంచుకొను, రాత్రింబవళ్ళు, గిరగిర

చేసి చూడండి

కళ్ళు మూసుకొని మీ ఇంటిలోని వారి అడుగుల చప్పుడు వినండి. ఎవరు వస్తున్నారో చెప్పగలరా? మీరు దేనిని బట్టి గుర్తుపట్టారో ఐదు వాక్యాలలో రాయండి. మీ తాతగారినో అమ్మమ్మగారినో అడిగి, వారి చిన్ననాటి కోలాటంలోని ఒక అడుగును నేర్చుకొని వచ్చి తరగతిలో చూపండి.